క్లాసులో వీడియో వేస్తే పిల్లలు బుద్ధిగా చూస్తున్నారు, మర్నాడు అడిగితే ఒక్క ముక్క రావడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న అడిగిన మేడమ్ ఈమధ్యే డీఎస్సీలో ఎంపికై జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నారు. క్లాసులో ప్యానెల్ (గోడకు పెట్టిన పెద్ద టచ్ స్క్రీన్) ఉంది, యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి, వేస్తే పిల్లలు కిక్కురుమనకుండా చూస్తారు, కానీ మర్నాడు అడిగితే దిక్కులు చూస్తారు. వీడియోలు మానేయాలా, లేక తానే స్క్రీన్ రికార్డింగ్‌తో సొంత పాఠాలు చేసుకోవాలా, చేస్తే ఏమేం కొనాలి, ఛానెల్ పెట్టాలా అన్నది ఆవిడ సందేహం. నేనూ అదే సబ్జెక్టు చెప్పేవాణ్ణి, ప్యానెళ్లు రాకముందు నుంచీ ప్రొజెక్టరుతో, ఫోనుతో కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా.

సూటిగా చెప్పాలంటే, వీడియోలు మానేయక్కర్లేదు, పాఠాన్ని వీడియోకి అప్పజెప్పడం మానేయండి. వేరేవాళ్ల వీడియో క్లాసులో మూడు నాలుగు నిమిషాలు మించకూడదు, వేసే ముందే ప్రశ్న అడిగి జవాబు నోట్సులో రాయించాలి. సొంత వీడియోలు తప్పకుండా చేయండి, కానీ క్లాసులో వేయడానికి కాదు. ఆ రోజు రానివాళ్ల కోసం, మీరు వందసార్లు చెప్పినా మళ్లీ అడిగే విషయాల కోసం చేయండి. కొనాల్సింది దాదాపు ఏమీ లేదు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను.

పిల్లలు నిశ్శబ్దంగా చూస్తున్నారంటే నేర్చుకుంటున్నారని మనం అనుకుంటాం. వాళ్లు కూడా అలాగే అనుకుంటారు, అసలు చిక్కంతా అక్కడే. యూట్యూబ్‌లో వెరిటాసియం అనే సైన్స్ ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది సరిగ్గా దీని మీదే, 2008లో ముగించారు. తప్పులేమీ లేకుండా చక్కగా వివరించిన ఫిజిక్స్ వీడియో చూసిన విద్యార్థులు చాలా స్పష్టంగా ఉందన్నారు, పరీక్ష పెడితే మార్కులు పెద్దగా పెరగలేదు. జనం సాధారణంగా పడే పొరపాటు ఆలోచనలను ముందు పెట్టి, వాటి మీద వాదన నడిపించిన వీడియో చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు, మార్కులు మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చాయి. తల్లో ముందే ఒక నమ్మకం ఉన్నప్పుడు వీడియోలో వేరే మాట చెప్పినా, తమకు తెలిసిందే చెబుతున్నారనుకుని దాటిపోతారు. అందుకే మీ పిల్లలు మర్నాడు మళ్లీ పాత జవాబే చెబుతారు, లేదా ఏమీ చెప్పరు.

దీనికి నేను ప్రతి ఏడూ తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణ పాఠానికి వాడే వీడియో ఒకటుంది. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని రెండూ ఒకేసారి వదిలేస్తాడు. నాసా వీడియో, నిమిషం కూడా ఉండదు. ఊరికే వేస్తే పిల్లలు "అబ్బో" అంటారు, అంతే. నేనైతే వదిలే ముందు క్షణంలో ఆపేస్తాను. ఏది ముందు పడుతుంది? చేతులెత్తించను, ఎందుకంటే ఫస్ట్ ర్యాంకు పిల్ల చేయెత్తిన వైపే అందరూ ఎత్తుతారు. నోట్సులో రాయమంటాను, కారణంతో సహా. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. సుత్తి ముందు పడుతుందనేవాళ్లు కొందరు. ఇంకా చాలామంది రాసేది ఏమిటో తెలుసా, రెండూ పడవు, తేలుతాయి, చంద్రుడి మీద గాలి లేదు కదా అని! గాలి లేకపోతే గురుత్వం కూడా ఉండదని వాళ్ల లెక్క. మీరు గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా ఈ నమ్మకం బయటికి రాదు. ఇప్పుడు ప్లే నొక్కితే క్షణాల్లోనే రెండూ ఒకేసారి నేల తాకుతాయి, తేలుతాయన్నవాడు వెనక బెంచీ నుంచి లేచి "మళ్లీ వేయండి సార్" అంటాడు. ఆ పీరియడంతా చర్చకే పోతుంది. వీడియో నడిచింది ఒక్క నిమిషం.

రెండో కిటుకు: సౌండ్ ఆపేయండి. మంచి యానిమేషన్లలో చాలావరకు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటాయి, యాస పిల్లలకు అందదు, తెలుగులో ఉన్నవాటిలో కొన్ని పాఠ్యపుస్తకం మాటలు వాడవు. మన పుస్తకంలో నాభ్యంతరం అని ఉంటే అక్కడ ఫోకల్ లెంత్ అంటారు, పరీక్షలో రెండూ ఒకటేనని తెలియని పిల్లాడు తెల్లమొహం వేస్తాడు. బొమ్మ వాళ్లది, గొంతు మీది. విద్యుత్ మోటారులో తీగచుట్ట తిరిగే యానిమేషన్ వేసి, సౌండ్ లేకుండా, మీరే పక్కన నిలబడి చెప్పండి, అవసరమైన చోట ఆపండి, వెనక్కి తిప్పండి. కంప్యూటర్లో యూట్యూబ్ అయితే కీబోర్డులో 'కె' నొక్కితే ఆగుతుంది, 'జె' పది సెకన్లు వెనక్కి, 'ఎల్' పది సెకన్లు ముందుకి. మౌస్‌తో వెతుక్కుంటూ ఉంటే క్లాసు చేజారిపోతుంది, ఈ మూడూ వేళ్లకు అలవాటు చేసుకోండి.

నిడివి గురించి ఒక మాట. ఆన్‌లైన్ కోర్సుల సంస్థ ఎడ్ఎక్స్‌లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఫిలిప్ గువో బృందం 2014లో తేల్చిందేమిటంటే, వీడియో ఎంత పొడుగున్నా మధ్యస్థంగా ఆరు నిమిషాలకు మించి చూడటం లేదు. స్లైడ్లు పెట్టి మాట్లాడిన వాటికంటే, టాబ్లెట్ మీద చేత్తో రాస్తూ చెప్పినవే ఎక్కువసేపు చూశారని కూడా తేలింది. అయితే ఒక మెలిక ఉంది, వాళ్లంతా ఇంట్లో కూర్చుని ఎప్పుడు కావాలంటే అప్పుడు కట్టేసుకోగల పెద్దవాళ్లు. మన క్లాసులో పిల్లాడికి ఆ స్వేచ్ఛ లేదు, లేచి వెళ్లిపోలేడు, అందుకని కళ్లు తెరిచే వెళ్లిపోతాడు. అందుకే మన దగ్గర ఆరు కంటే తక్కువే ఉండాలంటాను.

కరోనా సమయంలో ఇది అందరికీ అనుభవంలోకి వచ్చింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టారు, ఆంధ్రలోనూ సప్తగిరిలో వచ్చాయి. చెప్పిన టీచర్లు మంచివాళ్లే, తయారీలో లోపం లేదు. కానీ టీవీని ఆపలేం, వెనక్కి తిప్పలేం, ప్రశ్న అడగలేం. ఇప్పుడు చేతిలో ఆపే బటన్ ఉండి కూడా నలభై నిమిషాల వీడియో ఏకధాటిగా వేస్తే ఆ టీవీ పాఠానికీ మన క్లాసుకీ తేడా ఏముంది?

ఏది చూపాలి, ఏది చూపకూడదు అన్నదానికి నా కొలత ఒకటే. కంటితో చూడలేనిది, బడిలో చేయలేనిది, చేస్తే ప్రమాదమైనది అయితే వీడియో. సోడియం ముక్క నీళ్లలో వేస్తే ఏమవుతుందో బడిలో నేను చేయను, వీడియోలో చూపిస్తాను. మేకుకు తుప్పు పట్టడం రోజుల తరబడి జరిగేది, దాన్ని వేగంగా తిప్పిన వీడియో అరనిమిషంలో చూపిస్తుంది. కానీ అయస్కాంతం చుట్టూ ఇనుపరజను వీడియోలో చూపించే టీచర్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ అయస్కాంతం అదే గది బీరువాలో ఉంటుంది! లిట్మస్, నిమ్మరసం, పసుపు, అద్దం, భూతద్దం ఇవన్నీ చేతికిచ్చి చేయించాల్సినవి. వీటికి మధ్యరకంగా ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి, అంటే తెర మీద మనమే మార్చి చూసే ప్రయోగాలు, కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి, పూర్తిగా ఉచితం, కొన్నింటికి తెలుగు కూడా ఉంది. బల్బు, బ్యాటరీ, నిరోధం మార్చి చూడటానికి వీడియో కంటే అవి నయం, పిల్లల్నే ప్యానెల్ దగ్గరికి పిలిచి జరపమనండి.

ఇక సొంత వీడియోల సంగతి.

ఇంట్లో వీడియో చూసి రావాలి, క్లాసులో లెక్కలు చేయాలి అనే తిరగేసిన తరగతి పద్ధతికి పేరు తెచ్చింది జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, అమెరికాలో కొలరాడో రాష్ట్రం వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో. 2007లో వాళ్లు రికార్డింగ్ మొదలుపెట్టింది ఆటల పోటీలకు, ఇతర కార్యక్రమాలకు వెళ్లి క్లాసు పోగొట్టుకున్న పిల్లల కోసం. ఈ మొదటి భాగం మనకు అతికినట్టు సరిపోతుంది. మా వైపు పత్తి తీతలప్పుడు, తర్వాత మిరప కోతలప్పుడు రోజూ కొందరు పిల్లలు రారు. అమ్మానాన్నలతో చేలోకి వెళ్తారు, లేదా చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతారు. మిరప కోతలు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి, అంటే పదో తరగతి పరీక్షల ముందు! వీళ్ల కోసం సొంత వీడియోలు చేయాలి. చేసి తీరాలి అంటాను.

రెండో భాగం, అంటే అందరూ ముందు రోజు రాత్రి చూసి రావడం, మన ఊళ్లలో జరగదని నా అభిప్రాయం. ఫోన్ నాన్నది, ఆయనతో పాటు పనికి పోతుంది, రాత్రి వచ్చేసరికి ఛార్జింగ్ ఉండదు, ఉన్నా అన్నయ్య చేతిలో ఉంటుంది. క్లాసులో సగంమంది చూసి, సగంమంది చూడకుండా వస్తే చూడనివాళ్ల కోసం మళ్లీ మొదట్నుంచి చెప్పాలి, చూసినవాళ్లకు విసుగు. పట్నంలో ప్రైవేటు బడిలో చెప్పే మిత్రులు మాకు బాగానే నడుస్తోందంటారు. నడవొచ్చు. మీ క్లాసులో ఎంతమందికి రాత్రి ఎనిమిదింటికి ఫోన్ దొరుకుతుందో ముందు కనుక్కుని అప్పుడు నిర్ణయించుకోండి.

ఏ పాఠాలకు చేయాలి? వరుస క్రమం ఉన్నవాటికి. పుటాకార దర్పణం కిరణ చిత్రాలు చూడండి, వస్తువు అనంత దూరంలో, వక్రతా కేంద్రానికి అవతల, వక్రతా కేంద్రం దగ్గర, కేంద్రానికీ నాభికీ మధ్య, నాభి దగ్గర, నాభికీ ధ్రువానికీ మధ్య, మొత్తం ఆరు. బోర్డు మీద గీసేటప్పుడు నా వీపు అడ్డం, గీసింది తుడిచేస్తే పోయింది. ఇవి ఆరు వేర్వేరు చిన్న వీడియోలుగా చేశాను, ఒక్కోటి రెండు నిమిషాలు. పరీక్షల ముందు పిల్లలు వీటినే పెట్టుకుని, ఆపుకుంటూ పక్కన గీసుకుంటారు. రసాయన సమీకరణాలు తుల్యం చేయడం, దర్పణ సూత్రంలో గుర్తులు వేసుకోవడం, ఇవీ అంతే. నిర్వచనాలకు, వ్యాసరూప జవాబులకు వీడియో చేయకండి, పుస్తకంలో ఉంది, చదువుకుంటారు.

తయారీకి చాలామంది ముందు సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. సాఫ్ట్‌వేర్ చివరి విషయం. ముందు చెవి. బొమ్మ కాస్త మసకైనా పిల్లలు భరిస్తారు, మాట వినపడకపోతే కట్టేస్తారు. మామూలు వైరు ఇయర్‌ఫోన్ మైకు చాలు, నోటికి జానెడు దూరంలో చొక్కాకు పిన్నుతో పెట్టుకోండి. ఫ్యాన్ ఆపండి. మన ఇళ్లలో తెల్లవారుజామే మంచి టైం, కుక్కర్ విజిల్స్ మొదలవకముందు.

ఎలా రికార్డ్ చేయాలంటే దారులు రెండు. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌నే పైనుంచి కిందికి చూసేలా పెట్టండి. టేబుల్ అంచున పుస్తకాల దొంతర, దాని మీంచి ముందుకు పొడుచుకొచ్చేలా ఫోన్, అది జారకుండా పైన ఇంకో బరువైన పుస్తకం, కింద తెల్లకాగితం. లావు గీత పడే స్కెచ్ పెన్నుతో రాస్తూ మాట్లాడటమే. పోయినేడు మా బడికి వచ్చిన కొత్త మాస్టారు ఖరీదైన స్టాండు, లైటు కొన్నారు, మూడో వారానికి ఆయనా పుస్తకాల దొంతరకే వచ్చారు. ల్యాప్‌టాప్ ఉంటే స్క్రీన్ రికార్డ్ చేసే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితం, ప్రకటనలూ ముద్రలూ ఉండవు. అందులో ఎంకేవీ ఫార్మాట్‌లో రికార్డ్ చేసి తర్వాత ఎంపీ4గా మార్చుకోండి, ఎందుకంటే మధ్యలో కరెంటు పోయినా ఎంకేవీలో అప్పటిదాకా చేసింది దక్కుతుంది, నేరుగా మామూలు ఎంపీ4 పెడితే మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఫోన్ స్క్రీనే రికార్డ్ చేయాలనుకుంటే ఆండ్రాయిడ్ 11 నుంచి రికార్డర్ లోపలే వస్తుంది, వేరే యాప్ అక్కర్లేదు. కాకపోతే ముందు 'డు నాట్ డిస్టర్బ్' పెట్టండి. పాఠం మధ్యలో స్క్రీన్ పైన బ్యాంకు ఓటీపీయో, బంధువుల వాట్సాప్ గొడవో ప్రత్యక్షమైతే అది ఊరందరికీ చేరుతుంది.

మాట్లాడేటప్పుడు చూసి చదవకండి. మెట్లు మాత్రం చీటీ మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. స్లైడు మీద ఉన్న వాక్యాన్నే పైకి చదవడం అన్నిటికంటే చేటు, కన్ను ఒక వేగంతో చెవి ఇంకో వేగంతో పోయి రెండూ అందవు. బొమ్మ స్క్రీన్ మీద, వివరణ నోటితో, అలా పంచుకోండి. మధ్యలో "ఇప్పుడు ఆపి మీరు గీయండి" అని చెప్పి రెండు మూడు సెకన్లు ఊరుకోండి. మీ ముఖం కనపడక్కర్లేదు, మీ గొంతు పిల్లలకు తెలుసు. పెద్ద ఛానెల్ వీడియో కంటే మీ నాసిరకం వీడియోను వాళ్లు ఎక్కువ చూడటానికి కారణం ఆ గొంతే.

పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించేస్తుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. సైజు భయం అక్కర్లేదు, స్క్రీన్ రికార్డింగ్‌లో కదలిక తక్కువ కాబట్టి 720పీ, సెకనుకు ఒక మెగాబిట్ సరిపోతుంది, అంటే నిమిషానికి ఏడున్నర ఎంబీ. రెండు నిమిషాల కిరణ చిత్రం 15 ఎంబీ. ఫైలుకు పాఠం పేరు, అందులో ఏముందో తెలుగులో పెట్టండి. అంకెల పేరుతో పంపితే పరీక్షల ముందు ఎవరికీ దొరకదు.

అసలు నాకు బాగా ఇష్టమైన వాడకం ఇంకొకటుంది, పిల్లలే వీడియో తీయడం. స్వేచ్ఛాపతనం పాఠంలో గోడ మీద చాక్‌పీసుతో పది సెంటీమీటర్లకో గీత గీయిస్తాను, ఒకడు బంతి వదులుతాడు, ఇంకొకరు ఎండలో నిలబడి కదలకుండా ఫోన్‌తో తీస్తారు. ఎండ ఎందుకంటే వెలుతురు తక్కువైతే బంతి గీతలాగా సాగిపోయి కనిపిస్తుంది. ఆ వీడియోని కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టి ఆపి, కీబోర్డులో 'ఈ' (E) మీట నొక్కితే ఒక్కో ఫ్రేమ్ కదులుతుంది. సెకనుకు 30 ఫ్రేములైతే మూడు ఫ్రేములకు సెకనులో పదో వంతు. బంతి సుమారుగా 5, 20, 44, 78 సెంటీమీటర్ల దగ్గర కనిపిస్తుంది. ఒక్కో విడతలో ఎంత దిగిందో తీసేసి చూస్తే 5, 15, 24, 34, అంటే ఇంచుమించు ఒకటి, మూడు, ఐదు, ఏడు నిష్పత్తి. గెలీలియో వాలుబల్లల మీద కనిపెట్టిన బేసి సంఖ్యల వరస ఇదే అని చెబితే నమ్మరు, తీసినవాళ్లు మాత్రం నమ్ముతారు, ఎందుకంటే అంకెలు వాళ్లవి. అచ్చు గుద్దినట్టు రావు, మొదటి ఫ్రేమ్ ఏదన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. ఆ తగాదా పడనివ్వండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నెట్‌ను నమ్ముకుని క్లాసుకు వెళ్లకండి. ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలను ముందే దించుకోవచ్చు, పుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్‌లు అక్కడికే తీసుకెళ్తాయి. యూట్యూబ్ అయితే వీడియోను ముందే ఇంట్లో చివరిదాకా చూసి, ఏ నిమిషం ఏ సెకను నుంచి ఎంతవరకు కావాలో పుస్తకంలో ఆ పేజీ మీదే పెన్సిల్‌తో రాసుకోండి. ఆటోప్లే ఆపేయండి, వీడియో పూర్తిగా ముగియక ముందే ఆపండి, లేకపోతే చివర్లో వచ్చే సినిమా బొమ్మలు, అడ్డమైన ప్రకటనలు చూసి క్లాసు గొల్లుమంటుంది, మళ్లీ దారిలో పెట్టడానికి ఐదు నిమిషాలు. కరెంటు లేనప్పుడు చెప్పడానికి చాక్‌పీసు పాఠం ఒకటి సిద్ధంగా ఉండాలి, ఇది మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

టీచర్ రాని పీరియడ్‌లో వీడియో వేసి లీడర్‌కు అప్పజెప్పమని మీ బడిలో ఎవరైనా సలహా ఇస్తే, మర్యాదగానే కాదనండి. అది అల్లరి ఆపడానికి పనికొస్తుంది, పాఠానికి కాదు.

ఛానెల్ గురించి. ఇప్పుడే వద్దు. యూట్యూబ్‌లో పెట్టండి, కానీ అన్‌లిస్టెడ్‌గా, లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా. పిల్లల ముఖాలు, పేర్లు ఉన్న ముక్కలు అసలు పెట్టకండి, తల్లిదండ్రులు సరేనన్నా సరే. వేరేవాళ్ల వీడియోలో ముక్క కోసి మీ దాంట్లో అతికించి పెట్టకండి, వాళ్ల లింకు ఇవ్వండి చాలు. ఛానెల్ అనగానే ముందు లోగో, ఆ తర్వాత వ్యూస్ మీద ధ్యాస, ఆనక పక్క జిల్లా పిల్లల కోసం పాఠం మారిపోతుంది. ఈ ఏడాదికి మీ క్లాసులో ఎక్కువమంది తప్పు చేస్తున్న ఒక్క పాఠం తీసుకుని, దానికి నాలుగైదు చిన్న వీడియోలు చేసి, ఆ యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాక ఏ వీడియో పనిచేసింది, ఏది చేయలేదు చూసుకోండి. ఏ పాఠమో ఇక్కడ రాస్తే, అందులో ఎక్కడ ఆపాలో, ఏం అడగాలో నాకు తోచింది చెబుతాను.